ఉనైజా మట్టిమిద్దె

ఆగస్టు 9, 1990. ఉనైజా, సౌదీ అరేబియా

కువైట్‌ను ఇరాక్ మింగి వారమైంది. రియాద్ ఆఫీసు నుంచి టెలెక్స్ వచ్చింది. ఉనైజా సైటులో ఉన్నవాళ్లందరూ పిలుపు రాగానే బయల్దేరేలా పెట్టెలు సర్దుకోవాలట. జాండర్ సారు దాన్ని చదివి నా చేతికిచ్చి, "మేడ మీది గది కొలతలు పూర్తయ్యాయా ఇసాక్?" అన్నాడు. అంతే.

నేను పెట్టె సర్దుకున్నాను. ఈ నెలాఖరుకల్లా ఇంట్లో ఉంటాను.

ఆగస్టు 24, శుక్రవారం

నా భార్య మదార్బీ ఉత్తరం వచ్చింది. మూడు ప్రశ్నలు వేసింది. ఎవరు ఆ జర్మనీ ఆయన? ఏం పని చేస్తున్నాడు? ఆయన కోసం నువ్వెందుకు ఆగాలి?

మొదటి రెండింటికీ పొద్దున కూర్చుని వివరంగా ఇలా రాశాను. పేరు హార్ట్‌విగ్ జాండర్. ఊరు కాసెల్. రియాద్‌లో మా కంపెనీకి పెద్ద ఆర్కిటెక్టు. ఆసుపత్రులు, ఆఫీసులు, కాలేజీలు ఎన్నో గీశాడు, అన్నీ కాంక్రీటువే. వాటి పక్కనుంచి కారులో పోతున్నా తల తిప్పి చూడడు. నేను ఆయన దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌ని అని నీకు తెలుసు. నాలుగేళ్ల కిందట ఏదో స్కూలు స్థలం చూడ్డానికి ఈ ఊరొచ్చాడు. పాత పేటలో బుల్‌డోజరు మట్టి ఇళ్లను తోసేస్తోంది. కారు దిగి దాని ముందు నిలబడ్డాడు. పాకిస్తానీ డ్రైవరు ఇంజను ఆపి, "చాచా, మీ ఇల్లా?" అని అడిగాడట. కాదన్నాడు. "మరి?" అంటే, ఆ ఇంటి తలుపొకటి అడిగి కారు పైన కట్టుకుని వెళ్లాడు.

అప్పట్నుంచి సెలవు దొరికితే ఉనైజా. తలుపులు, బావి గిలకలు, కాఫీ గింజలు దంచే రోళ్లు పోగుచేశాడు. వాటిని పెట్టడానికి ఒక ఇల్లు కావాలన్నాడు. ఉమ్ సులైమాన్ అనే ముసలామె, తాను కొడుకు సిమెంటు ఇంటికి మారిపోయాక ఖాళీగా ఉన్న తన మట్టి ఇంటిని ఇచ్చింది. ఇబ్బంది ఏమిటంటే, కొత్త రోడ్డు గీత సరిగ్గా ఆ ఇంటి మధ్యలోంచి పోతోంది. వచ్చే రంజాన్ పండక్కల్లా దాన్ని బాగుచేసి మ్యూజియంగా చూపిస్తే రోడ్డు వంకర తిప్పుతామని బలదియా వాళ్లు, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, ఒప్పుకున్నారు. లేకపోతే తిన్నగా వేసేస్తారు.

మన పత్తికొండ మట్టిమిద్దెల్లాంటిదే ఈ ఇల్లు. నువ్వు చూస్తే నవ్వుతావు, మనం అలాంటిదే కూల్చి శ్లాబు వేసుకున్నాం కదా అని.

మూడో ప్రశ్నకు ఏం రాయలేదు. రాయడానికేముంది. ఇక్కడినుంచి శాశ్వతంగా వెళ్లడానికి కంపెనీ ఇవ్వాల్సిన ఖురూజ్ కాగితం ఇంకా రాలేదు. అందుకే ఉన్నాను.

సెప్టెంబరు 17

బాలన్న ముఠాలో కొందరు వెళ్లిపోతామంటున్నారు. బాలన్నది జగిత్యాల దగ్గరి పల్లె, మట్టి పనికి మేస్త్రీ. నువ్వు కూడా పోతావా అని అడిగాను.

"గోడ పచ్చిగున్నది సార్. గది ఎండేదాంక నేనెటు వోత? నువ్వు?"

"నేను వచ్చే వారం పోతాండా."

"పోయిన నెల గూడ గట్లనే అన్నవ్," అని తట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 30

ఖురూజ్ కాగితం వచ్చింది. నా కోసం దాచి ఉంచమని రియాద్ ఆఫీసులో చెప్పాను. విమానాల్లో రద్దీ ఎక్కువగా ఉంది.

అక్టోబరు 22

సారు ఇవాళ పనిలోకి దిగలేదు. మేడ మీద ఒంటరిగా కూర్చున్నాడు. టీ తీసుకుని వెళ్తే కూర్చోమన్నాడు.

ఈ తేదీనే, తనకు పదకొండేళ్లప్పుడు, కాసెల్ మీద బాంబులు పడ్డాయట. ఊరు ఊరంతా తగలబడింది. వాళ్ల వీధిలో నిలిచింది వాళ్ల అవ్వ ఇల్లొక్కటే. కొయ్య, మట్టి కలిపి కట్టిన పాత ఇల్లు. ఎలా మిగిలిందో ఎవరికీ తెలియదు. ఇళ్లు పోయినవాళ్లంతా ఆ ఇంట్లో, మెట్ల కింద కూడా, పడుకున్నారు. ఆ చలికాలమంతా అక్కడే అన్నం, అక్కడే పురుళ్లు.

"తర్వాత?"

"తర్వాత శాంతి వచ్చింది. ఊరు కొత్తగా కట్టారు. వెడల్పాటి రోడ్లు. అవ్వ ఇల్లు రోడ్డుకి అడ్డమన్నారు. ఒక మధ్యాహ్నంలో పడగొట్టేశారు. యుద్ధం వదిలేసిన దాన్ని రోడ్డు తీసుకుపోయింది, ఇసాక్. నేను ఆర్కిటెక్టునైంది అందుకే. ముప్పై ఏళ్లు రోడ్లు వేసేవాళ్ల కోసమే పనిచేశాను."

టీ చల్లారిపోయింది. ఇంకోటి తెస్తానంటే వద్దని లేచి, పార పట్టుకుని కిందికి దిగాడు.

నవంబరు 12

కంపెనీ ఉనైజా సైటు మూసేసింది. యుద్ధం సంగతి తేలాక చూద్దామన్నారు. సారు రియాద్ వెళ్లి రాజీనామా ఇచ్చి వచ్చాడు. బంగళా, కారు, డ్రైవరు అన్నీ పోయాయి. బస్సులో వచ్చాడు, ఒళ్లో ఒక రోలు పెట్టుకుని. దారిలో ఎక్కడో కనిపించిందట.

ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, ఫిబ్రవరి చివరిదాకా చెల్లుతుంది. ఆలోగా ఉమ్ సులైమాన్ కొడుకు సులైమాన్ తానే కఫీల్‌గా ఉండి ఆయన బాధ్యత రాయించుకుంటానన్నాడు. కాగితాలు రియాద్‌లో నడుస్తున్నాయి.

కంపెనీ వాళ్లు నా గురించి కూడా అడిగారట. "ఇసాక్ వెళ్లిపోతున్నాడు" అని చెప్పాడట సారు. నిజమే కదా. అయినా నన్ను ఒక మాట అడగకుండా ఎందుకు చెప్పాలి?

డిసెంబరు 20

మేడ మీది గది పూర్తయింది. పడమటి గోడ మిగిలింది.

జనవరి 17, 1991

మొదలైంది. పొద్దున్నే మట్టి ఇంటి దగ్గర రేడియో చుట్టూ అందరం చేరాం. బాగ్దాద్ మీద విమానాలు. ఎవరూ పలుగు ముట్టలేదు. సారు వచ్చి కాసేపు విన్నాడు. తర్వాత మట్టి తొక్కే గుంటలోకి తానే దిగాడు, ప్యాంటు మడుచుకుని. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. బాలన్న చూసి, "అగో, గట్ల దొక్కితె కలువది," అని తానూ దిగాడు. నేను రేడియో ఆపాను.

జనవరి 23

రియాద్ మీద క్షిపణులు పడుతున్నాయి. ఇక్కడికి చాలా దూరం. అయినా కుర్రవాళ్లు ఆగడం లేదు. ముఠాలో బాలన్న, అతని తమ్ముడి వరస ఇద్దరు మిగిలారు.

మా ఊరి పోస్టుమాస్టరు ఇంటికి ఫోన్ చేశాను. మదార్బీని పిలిపించారు. ఊరి జనమంతా ఆమె వెనకాలే ఉన్నట్టున్నారు, గోలగా ఉంది.

"ఏమయ్యా, మూతికి కట్టుకునేటివి ఇచ్చినారంటనే, గ్యాసుకు? నీకిచ్చినారా?"

"ఇచ్చినారు."

ఇవ్వలేదు.

"యాడుండావు నువ్వు? రియాద్‌లోనేనా?"

"కాదు. ఇక్కడేమీ లేదు. వచ్చే వారం వస్తాండా."

"నీ వచ్చే వారానికి గడ్డం నెరిసింది," అంది. ఏడుస్తోందో తిడుతోందో తెలియలేదు. లైను పోయింది.

ఫిబ్రవరి 3

వాన. పొద్దున్నుంచీ ఆగకుండా. ఇక్కడ ఇలా కురవగా నేను చూడలేదు. పడమటి గోడ మీద పూత ఇంకా పచ్చిగానే ఉంది. టార్పాలిన్ కప్పుదామని అందరం పైకెక్కాం. గాలికి ఒక అంచు లేచిపోయింది. నేను పట్టుకునేలోపే సారు దాని మీద మోకాళ్లు పెట్టి కూర్చున్నాడు. ఆయన కిందున్న గోడ అన్నంలా జారిపోయింది. ఆయనా దాంతో పాటే.

మట్టిలోంచి తీసేసరికి స్పృహలోనే ఉన్నాడు. నొప్పికి కాదు, "గోడ, గోడ" అని అరుస్తున్నాడు. బాలన్న ఆయన్ని వీపు మీద వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు.

తుంటి ఎముక విరిగింది.

ఫిబ్రవరి 7

ఆసుపత్రి. ఇది కూడా ఆయన గీసిందే. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, "ఎంత వికారంగా ఉంది," అన్నాడు. నర్సు రత్తమ్మ గారిది తెనాలి. "ఏమంటున్నారండీ?" అని నన్నడిగింది. కప్పు బాగాలేదంటున్నాడని చెప్పాను. "ముందు ఆయన్ని కాస్త సూపు తాగమనండి, కప్పు సంగతి తర్వాత చూద్దాం," అంది. తాగాడు.

కాసెల్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేస్తూనే ఉంది. అక్కడే ఆపరేషన్ చేయించాలంటోంది. కఫీల్ మార్పు కాగితాలు యుద్ధం వల్ల ఎక్కడో ఆగిపోయాయి. ఇప్పుడు బయటికి వెళ్తే మళ్లీ రావడానికి వీలుండదు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. 

ఫిబ్రవరి 14

జెడ్డా నుంచి విమానం. స్ట్రెచర్ మీదే తీసుకుపోయారు. అంబులెన్సు ఎక్కించే ముందు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ సంగతి నువ్వు చూసుకో ఇసాక్. ఇంటికి వెళ్లు. నీ భార్య ఎదురు చూస్తోంది. చేయగలిగింది చేశాం."

"చేయగలిగింది ఇంకా ఉంది కదా సార్," అన్నాను. నా గొంతు నాకే కరుగ్గా వినిపించింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. తలుపు వేసేశారు.

ఫిబ్రవరి 15

ఇక నాకిక్కడ పని లేదు.

ఫిబ్రవరి 16

సులైమాన్ ఖర్జూరాల దుకాణానికి వెళ్లాను. నా కఫీల్‌గా ఉంటారా అని అడిగాను. ఆయన తక్కెడ పక్కన పెట్టి, "అందరూ వెళ్లిపోతుంటే నువ్వు ఉండిపోతానంటున్నావా?" అన్నాడు.

"గోడ అయ్యేదాకా."

"మా అమ్మని అడుగుతాను," అన్నాడు. సాయంత్రానికి కబురొచ్చింది. ఉమ్ సులైమాన్ సరే అందట. రియాద్‌లో దాచమన్న ఆ ఖురూజ్ కాగితం రద్దు చేయించమని రాసి పంపాను.

తిరుగు టికెట్ల ధర తగ్గాక వెళ్దామనే ఇదంతా.

మార్చి 2

యుద్ధం అయిపోయింది. ఊరంతా కారు హారన్లు. ఎవరో నా చేతిలో హల్వా పెట్టారు. మదార్బీకి ఫోన్ చేశాను.

"యుద్ధమొస్తాదని రమ్మంటే రాలేదు. ఇప్పుడు అయిపాయ గదా, ఇంగ రా."

"ఒక గోడ ఉండాది మదార్బీ."

అవతల ఎవరినో గోల ఆపమని కసిరింది. 

"ఏం గోడ అది?" అంది. మొదటిసారి కోపంగా కాకుండా, తెలుసుకోవాలన్నట్టు అడిగింది. చెప్పాను. మట్టి ఎలా కలుపుతామో, గోధుమ పొట్టు ఎంత వేస్తామో అన్నీ చెప్పాను. "మా అవ్వ ఆవు పేడ గూడా ఏసేది," అంది.

మార్చి 12

బలదియా ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. పడమటి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నాకు ఈ ఇల్లంటే పగ లేదు. కానీ తడి మట్టి గోడ కింద జనాన్ని నిలబెట్టి ఏమన్నా అయితే జవాబు చెప్పాల్సింది నేను. సిమెంటు ఇటుకతో లేపు, పైన మట్టి రంగు పుయ్యి. చూసేవాడికి తెలియదు. పండక్కి ముందే సంతకం పెడతాను."

ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? ఇల్లు మొత్తం పోవడం కంటే ఒక గోడ సిమెంటుదైతే నష్టమేమిటి? కాసెల్‌కు ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది. రెండో ఆపరేషన్ జరిగిందట, మాట్లాడే స్థితిలో లేడట.

మార్చి 14

సిమెంటు తెప్పించాను. బస్తాలు వాకిట్లో దించుతుంటే బాలన్న చూస్తూ నిలబడ్డాడు.

"చెయ్యమంటె చేస్త సార్. సిమెంటు పని నాకు కొత్త గాదు."

"నువ్వేమంటావు?"

"నన్నడుగకు. నువ్వే జెప్పాలె."

మార్చి 15

గోడలకు తగిలించాల్సిన పలకలు రాయడానికి కూర్చున్నాను. అరబీలో, ఇంగ్లీషులో. సారు చెప్పి రాయించినవే, నేను అందంగా దించాలి. పడమటి గోడ పలక దగ్గర ఆగాను. 'ఈ ఇంటి మట్టితో, ఈ ఊరి గడ్డితో' అని ఉంది. రెండుసార్లు మొదలుపెట్టాను. చెయ్యి సాగలేదు. డ్రాఫ్ట్స్‌మన్‌గా ఇన్నేళ్లలో కట్టని గోడని కట్టినట్టు ఎప్పుడూ గీయలేదు.

బస్తాలు వెనక్కి పంపమన్నాను. దుకాణంవాడు తీసుకోనన్నాడు. కార్మికుల క్యాంపులో స్నానాల గది నేల పగిలి చాలా రోజులైంది. అక్కడికి తోలించాను. రేపు మట్టి తొక్కుతాం.

మార్చి 17

రంజాన్ నెల మొదలైంది. ఉపవాసంతో మట్టి పని. బాలన్న నన్ను గుంటలోకి దిగనివ్వలేదు. పచ్చి ఇటుకలు కోయడం ఒక్కటే నా పని. నేను తాగలేదని మధ్యాహ్నం దాకా వాళ్లు కూడా నా ముందు నీళ్లు తాగలేదు.

ఏప్రిల్ 6

గోడ లేచింది. ఆరాలి.

ఏప్రిల్ 22

పండగ అయిపోయింది. గడువూ అయిపోయింది. ఈ రోజు ఏం జరిగిందో జరిగినట్టు రాసుకోవాలి.

పొద్దున ఇంజనీరు వచ్చాడు. వెనకాల దుమ్ము లేపుకుంటూ బుల్‌డోజరు వచ్చి వీధి చివర ఆగింది. ఇంజనీరు గోడ మీద అరచెయ్యి ఆనించాడు. లోపల ఇంకా చెమ్మ ఉంది. "నేను సంతకం పెట్టలేను," అన్నాడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఏం చేయాలో తెలిసి కాదు. కాళ్లు అక్కడే ఆగాయి. బాలన్న వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

అప్పుడు సులైమాన్ కారు వచ్చింది. ఉమ్ సులైమాన్ దిగింది. నల్లటి అబాయా, చేతిలో కాఫీ కూజా. ఎవరినీ పలకరించకుండా మా మధ్యలోంచి లోపలికి నడిచింది. తిన్నగా పడమటి వైపున్న కాఫీ గదిలోకి వెళ్లి, ఆ కొత్త గోడకే ఆనుకుని కూర్చుంది. ఇంజనీరు గుమ్మం బయటే ఆగి, "అమ్మా, గోడ తడిగా ఉంది, బయటికి రండి," అన్నాడు.

"నాయనా, ఇది మగవాళ్ల గది. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆ గుమ్మం దాకా పళ్లెం అందించానే గానీ లోపల ఒక్కసారి కూర్చోలేదు. ఇవాళ కూర్చున్నాను. గోడ తడిగా ఉందా? ఆరేదాకా కూర్చుంటాను. నీకు తొందరుంటే నువ్వు వెళ్లు."

"అమ్మా, బుల్‌డోజరు..."

"ఆ డ్రైవరు కాఫీ తాగుతాడా? పిలువు."

ఇంజనీరు సులైమాన్ వైపు చూశాడు. సులైమాన్ చేతులు చాపి, "మా అమ్మ," అన్నాడు.  ముసలామెని ఆమె ఇంట్లోంచి ఎవరు లాగుతారు? చివరికి ఇంజనీరు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కూర్చుని, కాఫీ తాగాడు. గోడ పూర్తిగా ఆరేవరకు గడువు పెంచినట్టు అక్కడే రాసిచ్చాడు.

బుల్‌డోజరు వెనక్కి తిరిగింది. బాలన్న నేల మీద కూలబడి, "ముసలవ్వ గట్టిది సార్," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఏప్రిల్ 23

ఉమ్ సులైమాన్ ఇవాళ కూడా వచ్చింది. రేపు కూడా వస్తుందట.

ఆగస్టు 30

గోడ రాయిలా ఉంది. సంతకం అయింది. బాలన్న సెలవు మీద ఇంటికి వెళ్తూ గోడని ఒకసారి గుద్ది చూసి వెళ్లాడు.

నవంబరు 21

తలుపులు తెరిచాం. పెద్దవాళ్లు వచ్చారు, రిబ్బను కత్తిరించారు. ఉపన్యాసాల్లో జాండర్ సారు పేరు ఎవరూ ఎత్తలేదు. నేను లేచి చెప్పాలనుకున్నాను. నా అరబీ అంత బాగుండదు. అయినా లేచాను. "ఈ ఇంటిని నిలబెట్టిన మనిషి ఇక్కడ లేడు, ఆయన పేరు హార్ట్‌విగ్ జాండర్," అని చెప్పి కూర్చున్నాను. అందరూ నా వైపు తిరిగి చూశారు. తర్వాత సులైమాన్ చప్పట్లు కొట్టాడు.

కాసెల్‌కు ఫోన్ చేశాను. కర్రతో నడుస్తున్నాడట. "రోడ్డు?" అని అడిగాడు. ఇంటి దగ్గర వంగి పోతోందని చెప్పాను. "వంకర ఎంత ఉంది?" అన్నాడు. గీసి పంపుతానన్నాను.

ఫిబ్రవరి 9, 1992

ఊరి ఆడవాళ్లు ఉమ్ సులైమాన్‌ను పట్టుకున్నారు, మా సంగతేమిటి అని. వారంలో ఒక రోజు ఆడవాళ్లకే అని తీర్మానమైంది. ఆ రోజు చూపించడానికి ఆడమనిషి కావాలి. సులైమాన్ నన్ను అడిగాడు, నీ భార్యకు చదువొచ్చా అని.

ఇంటికి ఫోన్ చేశాను. ఈసారి నేనే, "వస్తావా?" అన్నాను.

"ఏం జేయాలంట అక్కడ?"

"ఇల్లు చూపించాల."

"మిద్దె ఇల్లేనా? అయితే చూపిస్తా," అంది.

సెప్టెంబరు 3

మదార్బీ దిగి రెండు వారాలైంది. మొదటి రోజు ఇల్లు చూసి, నేననుకున్నట్టు నవ్వలేదు. చెప్పులు విడిచి, ఒక్కో గదీ తిరిగి, చివరికి కొంగు నడుముకి చుట్టుకుని, "ఇంత దుమ్ములో కాపురం జేసినావా?" అని చీపురు అడిగింది.

ఆమెకు అరబీ ఉమ్ సులైమాన్ నేర్పుతోంది. ఉమ్ సులైమాన్ అప్పుడే తెలుగులో "రా, కూర్చో" అంటోంది.

జనవరి 19, 1993

సులైమాన్ రాయించిన విజిట్ వీసా మీద జాండర్ సారు రేపు వస్తాడని అనుకున్నాం. ఆయన ఇవాళే వచ్చేశాడు, ఎవరికీ చెప్పకుండా, రియాద్ నుంచి బస్సులో.

ఇవాళ ఆడవాళ్ల రోజు. నేను బజారులో ఉన్నాను. తిరిగొచ్చేసరికి రోడ్డు అవతల టీ కొట్టు బల్ల మీద కర్ర ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోతే పరుగెత్తి పట్టుకున్నాను. 

"లోపలికి వెళ్లలేదా సార్?"

"వెళ్లాను. తలుపు దగ్గర ఒకావిడ ఆపేసింది. ఇవాళ ఆడవాళ్లకి మాత్రమే, బుక్రా, రేపు రమ్మంది."

"మీరెవరో చెప్పాల్సింది."

"చెప్పాను. ఈ ఇల్లు బాగుచేసింది నేనేనన్నాను. అయితే ఏమిటి, లోపల ఆడవాళ్లున్నారు, బుక్రా అంది. తలుపు వేసేసింది." నవ్వుతున్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. "ఎవరావిడ?"

"నా భార్య సార్."

ఇంకా గట్టిగా నవ్వాడు. ఎప్పుడూ అలా నవ్వగా నేను చూడలేదు. నేను లోపలికి కబురు పంపుతానని లేచాను. భుజం పట్టి కూర్చోబెట్టాడు.

ఇంకో టీ చెప్పుకున్నాం. లోపలినుంచి ఆడవాళ్ల మాటలు, నవ్వులు, రోట్లో ఎవరో కాఫీ గింజలు దంచుతున్న చప్పుడు. సారు గోడ వైపు చూడలేదు, రోడ్డు వంకర వైపు చూడలేదు. తల కొంచెం వాల్చి, వింటూ కూర్చున్నాడు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఆఖరున మదార్బీ వచ్చి తాళం వేసి, తాళంచెవి సంచిలో పడేసుకుని, రోడ్డు దాటి మా దగ్గరికి వచ్చింది.

"ఈయప్పేనా?" అంది నాతో. అవునన్నాను. ఆయన్ని కాసేపు పరీక్షగా చూసింది. సలాం చెప్పింది.

"రేపు ఎనిమిదికి తీస్తారని చెప్పు," అంది.

చెప్పాను. ఏడున్నరకే వచ్చి నిలబడతానన్నాడు.